జాయింట్ అంటే ఉమ్మడి కాదట

మల్లికార్జున ఇంటి బేరాన్ని మొదటినుంచీ చూస్తున్నవాళ్ళకు అది ఎంతదాకా వచ్చిందో తెలుసు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చాలు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, సిడ్నీలో టూంగాబీ స్టేషను ఎదుట ఇరవై రెండేళ్ళుగా పప్పులూ ఉప్పులూ అమ్ముతున్న మల్లికార్జున, భర్తను పోగొట్టుకున్న చెల్లెలు లలితకుమారితో కలిసి ఒక పాత ఇటుకల ఇల్లు కొన్నాడు. అందులో పదింట ఆరుపాళ్ళు అతని షాపు సంపాదన. నాలుగుపాళ్ళు ఆ భర్త కృష్ణమూర్తి పోయాక ఆమె చేతికి వచ్చినది. పోయిన గురువారం అమ్మేవాళ్ళ సంతకాలు ఇటు, కొనేవాళ్ళ సంతకాలు అటు మారాయి. అక్కణ్ణుంచి మనసు మార్చుకోవడానికి ఐదు పనిదినాల గడువు. నాలుగో రోజు సాయంత్రం లలితకుమారి కూతురు తన్మయి కాంట్రాక్టు మొదటి పేజీ చదివి, తల్లితో నిదానంగా ఒక మాట అంది. "అమ్మా, నువ్వు పోతే ఈ ఇంట్లో నాకేమీ రాదు. అంతా మామయ్యకే." ఆ మాట దగ్గరే ఆగాం.

ఇవాళ గురువారం. గడువు సాయంత్రం ఐదింటికి తీరుతుంది.

టూంగాబీ నుంచి పారమట్టాకు రైలులో పావుగంట కూడా పట్టదు. ఆ పావుగంటా చెల్లెలు ఎదుటి సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పక్కసీటు ఖాళీగానే ఉంది. మల్లికార్జున అందులో తన గొడుగు పెట్టాడు. గిరాకీ తగ్గిన రోజున కూడా షాపులో మనుషుల మధ్య ఇంత నిశ్శబ్దం అతను చూడలేదు. అలిగిన మనిషి కనీసం ధర అడుగుతాడు. అడగని మనిషి ఇంకో షాపు చూసుకున్నట్టే లెక్క.

కొనేవాళ్ళ తరఫున కాగితాలన్నీ చూసే సొలిసిటర్ పేరు నీలం. ఆమెది ఫిజీ. తాతముత్తాతలు చెరకు తోటల్లో పనికని ఓడెక్కిపోయిన తెలుగువాళ్ళు. పద్నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులతో సిడ్నీకి వచ్చింది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు, అదీ లలితకుమారి లాంటివాళ్ళకు అందేటంత నిదానంగా. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ, పలకడానికి ఒక గుప్పెడు మాటలే వచ్చు. అవి నాయనమ్మ చిన్నపిల్లతో అన్న మాటలు గనక, ఆమె దగ్గర 'అండీ' అనేది లేదు.

"కూర్చో," అంది మల్లికార్జునతో. "నువ్వూ కూర్చో," అంది లలితకుమారితో. "నీళ్ళు తాగుతావా?"

మొదటిసారి వచ్చినప్పుడు ఈ 'నువ్వు' విని మల్లికార్జునకు నవ్వొచ్చింది. ఇవాళ రాలేదు.

సొలిసిటర్ ఎందుకు, ఇల్లు చూపించిన ఏజెంటే అన్నీ చూసుకుంటాడు కదా అని అతను మూడు నెలల కిందట వాదించాడు. ఏజెంటు అమ్మేవాడి మనిషి, అతనికి జీతం అక్కణ్ణుంచే వస్తుంది అని నీలం ఒక్క ముక్కలో చెప్పింది. అది అతనికి వెంటనే ఎక్కింది. సరుకు పంపే టోకువాడు చిల్లరవాడి మేలు కోరడు. ఆ రోజునుంచీ ఆమె ఏ కాగితం అడిగినా ఇచ్చాడు. పెరట్లో మురుగు పైపు ఎక్కడ పోతోందో, పక్కింటివాళ్ళకు మన స్థలంలోంచి దారి హక్కు ఉందేమో, కౌన్సిలు రేపు రోడ్డు వెడల్పు చేస్తుందేమో, ఆమె అన్నీ తీసి చూసింది. ఇల్లు కట్టి చూడు అన్నవాడు పాపం ఇల్లు కొని చూడలేదు అని అతను షాపులో అందరితోనూ అనేవాడు. ఇంటి కింద ఉన్నవన్నీ తవ్వి చూశారు. ఇంటిమీద రాసిన ఒక్క మాట ఎవరూ చూడలేదు.

లలితకుమారి సంచిలోంచి కాంట్రాక్టు మొదటి పేజీ తీసి బల్లమీద పెట్టింది. కొనేవాళ్ళ పేర్ల కింద చిన్న గడులు. ఒక గడిలో టిక్కు.

"ఇది ఎవరు పెట్టినారో నాకు చెప్పాల," అంది. అన్నవైపు చూడకుండా నీలాన్నే అడిగింది.

నీలం కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఆ గడి ఎదుట 'జాయింట్ టెనెంట్స్' అని ఉంది. కింద ఖాళీగా ఉన్న గడి ఎదుట 'టెనెంట్స్ ఇన్ కామన్'.

"దీని అర్థం మీకు తెలుసా, దీదీ?"

"మా అమ్మాయి చెప్పింది. మీ నోటితో ఇంకోసారి వినాల. మా అన్న కూడా వినాల."

ఇలాంటివి రోజుకు పదిమందికి చెప్పి చెప్పి అలసిన గొంతు ఆమెది. అయినా మాటలు తుంచలేదు.

"ఇద్దరు కలిసి ఇల్లు కొంటే రెండు పద్ధతులున్నాయి. జాయింట్ అంటే ఒకే మంచం, ఒకే దుప్పటి. ఇందులో సగం నాది, సగం నీది అని గీత ఉండదు. ఒకరు పోయారనుకోండి, దుప్పటి మొత్తం రెండోవాళ్ళమీదికి దానంతటదే వచ్చేస్తుంది. పోయినవాళ్ళు విల్లు రాసిపెట్టినా ఈ ఇంటిమీద అది పనిచేయదు. పిల్లలకు రాదు. రెండో పద్ధతిలో మంచం ఒకటే గానీ దుప్పట్లు రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయినా ఫరవాలేదు. ఎవరి దుప్పటి వాళ్ళు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు."

"మొగుడూ పెళ్ళాలకు మొదటిది బాగుంటుంది," అంది లలితకుమారి.

"అవును. చాలామంది అదే రాసుకుంటారు."

"అన్నాచెల్లెళ్ళకు?"

నీలం వేలు కింది ఖాళీ గడిమీదికి జరిగింది.

మల్లికార్జునకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమైన మరుక్షణం అతని బుర్ర తనను అడక్కుండానే పనిలో పడింది. నలభై ఏళ్ళు తక్కెడ పట్టిన చెయ్యి. సరుకు ముందు పెడితే దానంతటదే తూచేస్తుంది. లలితకు యాభై ఏడు. గుండెలో స్టెంటు వేసి పదిరోజులు కాలేదు. అమ్మ అరవై దాటలేదు. తనకు అరవై ఒకటి, షుగరుంది, కానీ నడక ఉంది, నాన్న ఎనభై మూడు చూశాడు. తక్కెడ ఒకవైపు ఒరిగింది. అది తన ఇంటివైపే.

చెయ్యి కాలినట్టు ఆ లెక్క వదిలేశాడు. కానీ లలితకుమారి అప్పటికే అతని ముఖం చూసింది. వాళ్ళిద్దరూ ఒకే అంగట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాళ్ళు. ఎవరు ఎప్పుడు లెక్క వేస్తున్నారో రెండోవాళ్ళకు తెలుసు.

"ఎంత తేలింది అన్నా?"

"ఏంది తేలేది?"

"నాకు చెప్పకపోయినా పర్లేదు. నేను నిన్ననే వేసినా ఆ లెక్క." ఆమె గొంతులో కోపం లేదు. మెట్లన్నీ ఎక్కి వచ్చిన మనిషి గొంతులా ఉంది. "తన్మయి చెప్పినప్పుడు మొదట నీమీద కోపమొచ్చింది. తర్వాత తిప్పి వేసినా. నువ్వు ముందు పోతే? నీ ఆరుపాళ్ళూ నాకే. నీ కొడుకు ఆదిత్యకు గుమ్మం కూడా దక్కదు. నీకు షుగరు, పొద్దుగూకులూ షాపులో నిలబడ్తావు, అన్నం వేళకు తినవు. ఒక్క నిమిషం అన్నా, ఒక్క నిమిషం నాకు ఆ లెక్క బాగనే కనపడింది. ఆ నిమిషం తలుచుకుంటే నాకు నామీదనే రోత పుట్టింది. ఇట్లాంటి లెక్క మన మధ్య పెట్టిన కాగితం మీద నేను బతకలేను. అందుకే వచ్చినా."

మల్లికార్జున గొడుగు పిడిని తిప్పుతూ కూర్చున్నాడు. కింద వీధిలో లైట్ రైలు గంట కొట్టుకుంటూ పోయింది.

"ఆ గడిలో టిక్కు పెట్టించింది నేనే," అన్నాడు చివరికి.

లలితకుమారి సంచి అందుకుంది.

"నా మాట పూర్తిగా విను. మొన్నటిది గాదు, దానిముందు ఆదివారం షాపులో ఉన్నా. కొట్టు నిండా జనం. ఈమె పంపిన ఫారం ఆదిత్య ఫోనులో చదువుతుండాడు. పేర్లు రాసినాడు, అడ్రసు రాసినాడు. డాడ్, జాయింట్ టెనెంట్సా, టెనెంట్స్ ఇన్ కామనా అన్నాడు. నేను ఒక ఆమెకు కందిపప్పు తూస్తుండా. టెనెంట్లు ఏందిరా, ఇల్లు కొంటుంటే అన్నా. ఇరవై రెండేళ్ళు టెనెంటుగా ఉన్నది చాలదా, కొన్నంక గూడా అదే పేరా, ఆ మాట కొట్టెయ్ అన్నా."

నీలం పెదవి బిగబట్టింది.

"వాడు, కొట్టెయ్యడం కుదరదు డాడ్, రెండిట్లో ఒకటి చెప్పు అన్నాడు. కామన్ అంటే నాకు తెలిసింది ఒకటే. మనం వచ్చిన కొత్తలో హారిస్ పార్కు పేటలో ఏడుమందిమి ఒక ఇంట్లో ఉండ్లా? కామన్ బాత్రూము. పొద్దున్నే బకెట్టు పట్టుకొని వరసలో నిలబడేది. ఇంకా కామన్ ఏందిరా, మా ఇద్దరిదీ ఉమ్మడి, జాయింట్ ఫ్యామిలీ అంటారు చూడు, అట్ల, అదే పెట్టు అన్నా. ఉమ్మడి అంటే నా దృష్టిలో నీ పిల్లలకూ ఉంది, నా పిల్లలకూ ఉంది. మన నాయన, చిన్నాయన అంగడి ఉమ్మడిదే కదా. చిన్నాయన పోతే ఆయన పిల్లల్ని బయటికి పంపించినారా? వాళ్ళ భాగం వాళ్ళకు ఇచ్చినారు కదా. జాయింట్ అంటే అదే అనుకున్నా. అది ఉమ్మడి కాదంట. ఇంగ్లీషోడి జాయింటులో ఒకడు చస్తే గానీ లెక్క తేలదంట. నాకేం తెలుసు?"

మొదట నవ్వింది నీలం. ఆపుకోలేక కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "కామన్ బాత్రూం," అని మళ్ళీ అనుకుంది.

తర్వాత లలితకుమారి నవ్వింది. నవ్వు అనేటంత కాదు. ముక్కులోంచి గాలి వదిలింది, భుజాలు దిగాయి. ఆ పొద్దు మొదటిసారి ఆమె అన్నవైపు తిరిగింది. "ఆ బకెట్టు నాదే. నువ్వు రోజూ ఎత్తుకపోయేవాడివి."

"నీది పెద్దది గనక."

"టెనెంట్ అన్న మాట చూసి నా గుండె కూడా ఒకసారి ఆగింది భయ్యా, మొదట లా చదివినప్పుడు," అంది నీలం. "మా నాన్న ఫిజీలో, లబాసా ఊళ్ళో చెరకు వేసేవాడు. భూమి లీజుది. లీజు తీరిన ఏడాది ఇల్లు విప్పుకుని కలపతో సహా లారీకెక్కించాం. మా ఇంట్లో టెనెంట్ అంటే తిట్టు. కానీ ఈ కాగితంలో ఉన్నది చాలా పాత మాట. అద్దెకు ఉన్నవాడు అని కాదు, పట్టుకుని ఉన్నవాడు అని. ఇంటికి మీరు యజమానులే. మీ ఇల్లు మీరు పట్టుకుని ఉన్నారు, అంతే."

"అంతే అయితే ఆ మాటే రాయచ్చు కదా," అన్నాడు మల్లికార్జున.

"రాస్తే మాకు ఫీజులెక్కడివి?" అంది నీలం.

పని తొందరగా సాగింది. ఇంకా ఇల్లు వీళ్ళ పేరున రిజిస్టరు కాలేదు గనక ఇప్పుడైతే మార్చడం తేలిక అంది ఆమె. టెనెంట్స్ ఇన్ కామన్, నూటికి అరవై అతనిది, నలభై ఆమెది. ఇద్దరూ సంతకం పెడితే ఈ పూటే అటువైపు లాయరుకు పంపిస్తాను, ఆ తర్వాత ఇద్దరూ చెరొక విల్లు రాసుకోండి, లేకపోతే దుప్పటి ఎవరిదో మళ్ళీ కోర్టు చెప్పాల్సి వస్తుంది అంది. ప్రింటరు ఒక కాగితం కక్కింది. మల్లికార్జున చదవకుండానే సంతకం పెట్టాడు. పెట్టి, చదవలేదని గుర్తొచ్చి, చదివినట్టు ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. పెన్ను చెల్లెలికి ఇచ్చాడు. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. మూడింటికల్లా షాపుకు పోతే స్కూలు వదిలే వేళ గిరాకీకి, కొట్టులో ఉన్న భార్యకు సాయంగా ఉండొచ్చు అనుకున్నాడు. ఒళ్ళంతా నిద్ర వచ్చినట్టుంది. అప్పు తీరిన రోజున ఇట్లాగే ఉంటుంది.

లలితకుమారి పెన్ను మూత తీసింది.

"ఒక్క నిమిషం, దీదీ," అంది నీలం.

ఆమె కంప్యూటరు తెరను చూస్తోంది. నవ్వు పోయింది.

"సంతకం పెట్టే ముందు నేను ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నాది తప్పవుతుంది. మీ ఇద్దరికీ నేను ఒక్కదాన్నే సొలిసిటర్‌ని. మీరిద్దరూ ఒక మాటమీద ఉన్నంతవరకే అది కుదురుతుంది. ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర నేను దాచకూడదు." ఆమె మల్లికార్జున వైపు చూసింది. "భయ్యా, మీరు ఇప్పుడు చెప్పింది నేను నమ్ముతాను. కానీ ఫారం వచ్చాక నాకు అనుమానం వచ్చింది. అన్నాచెల్లెళ్ళు జాయింట్ పెట్టడం అరుదు. అందుకే నేను షాపు అడ్రసుకు మెయిల్ రాశాను. జాయింట్ అంటే ఇదీ, ఒకరు పోతే వాళ్ళ పిల్లలకు రాదు, ఇద్దరూ మాట్లాడుకుని ఖాయం చేయండి అని. నాలుగు వాక్యాలు, సులువైన ఇంగ్లీషు. దానికి జవాబు వచ్చింది."

"జవాబా?" అన్నాడు మల్లికార్జున.

నీలం తెరను వాళ్ళవైపు తిప్పింది. లలితకుమారి ముందుకు వంగింది. ముసలివాళ్ళ హోములో పదిహేనేళ్ళుగా మందుల చీటీలు చదివిన మనిషి. చదవడానికి ఆమెకు ఎవరూ అక్కరలేదు. అయినా పైకే చదివింది, తెలుగులో, ఒక్కో మాట కూడబలుక్కుని.

"మాకు అర్థమైంది. ఈ మధ్యాహ్నమే మా చెల్లెలితో మాట్లాడాను. ఆమెకు సంతోషమే. జాయింట్‌గానే కానివ్వండి. ఇట్లు, మల్లికార్జున."

లలితకుమారి వెనక్కి జరిగి కూర్చుంది.

"మీకు విడిగా ఫోను చేసి ఉండాల్సింది," అంది నీలం ఆమెతో. "చేయలేదు. జవాబు వచ్చింది కదా అని వదిలేశాను. ఆ తప్పు నాది."

మల్లికార్జున తెరమీది తన పేరును చూస్తున్నాడు. తను ఇంగ్లీషులో రాయగలిగింది అదొక్కటే. షాపు మెయిళ్ళు చదివేది ఆదిత్య. జవాబులు రాసేది ఆదిత్య. కందిపప్పు మాట పొరపాటు కావచ్చు, 'ఉమ్మడి'ని ఇంగ్లీషులోకి తిప్పడం పొరపాటు కావచ్చు. ఈ నాలుగు వాక్యాలు చదివి, ఆ నాలుగు వాక్యాలు రాయడం పొరపాటు కాదు. వాడు ఇక్కడే, ఈ పారమట్టాలోనే, రెండు వీధుల అవతల లెక్కల కంపెనీలో పనిచేస్తాడు. మనుషులు పోతే ఆస్తులు ఎటు పోతాయో వాడికి కూడికంత తేలిక.

ఇప్పుడు అతని ముందు రెండే ధరలున్నాయి. నిజం చెబితే కొడుకు పోతాడు. ఈ పిల్లవాడిని చంకనేసుకుని పెంచింది లలితే. తనూ భార్యా షాపులో ఉంటే వాడికి అన్నం కలిపి పెట్టింది ఆమె. ఆమె ముందు వాడు దొంగగా నిలబడితే ఇక ఎన్నటికీ తలెత్తలేడు. అబద్ధం చెబితే పోయేది తనొక్కడు. అరవై ఒక్కేళ్ళ పాత సరుకు. తరుగు తనమీద వేసుకోవడమే మేలు అనిపించింది.

"నేనే రాసినా," అన్నాడు.

నీలం అతనివైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

లలితకుమారి పెన్ను మూత పెట్టింది. అది సరిగ్గా పడక రెండోసారి నొక్కింది.

"నువ్వే రాసినావా?"

"ఆఁ."

"ఇంగ్లీషులో?"

"అంతో ఇంతో వస్తుంది గదా. ఇన్నేళ్ళుగా వ్యాపారం చెయ్యట్లే?"

"మరి ఇందాక చెప్పిన కందిపప్పు కథ?"

"అదీ నిజమే. తర్వాత తెలిసింది. తెలిసినంక... ఆశ పుట్టింది." ఆ మాట బల్లవైపు చూస్తూ అన్నాడు. "మనిషిని కదా."

"ఎప్పుడు వచ్చిందమ్మా ఈ జవాబు?" లలితకుమారి నీలాన్ని అడిగింది.

"పోయిన వారం మంగళవారం. మధ్యాహ్నం మూడూ పది."

లలితకుమారి తలాడించింది. చాలాసేపు ఆడిస్తూనే ఉంది, ఏదో వరస తప్పిన లెక్క మళ్ళీ మొదటినుంచి వేస్తున్నట్టు. తర్వాత అన్న చేతిమీద తన చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"మంగళవారం మూడింటికి నేను ఆస్పత్రిలో బల్లమీద పడుకొని ఉన్నా. గుండెలోకి తీగ పోనిస్తుండారు. నువ్వు బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నావు. పొద్దున తొందరలో నీ ఫోను షాపులోనే మరిచిపోయొచ్చినావు. తన్మయికి కబురు చెప్పేదానికి నర్సమ్మను ఫోను అడుక్కొంటివంట. నన్ను బయటికి తెచ్చేటప్పటికి నీ చొక్కా తడిసిపోయి ఉంది. నేను కళ్ళు తెరిచి మొదట చూసింది అదే." ఆమె కాస్త ఆగింది. "ఆ మధ్యాహ్నం నువ్వు నాతో ఒక్క మాటా మాట్లాడలేదన్నా. మాట్లాడేటట్టు నేనూ లేను."

మల్లికార్జున చెల్లెలి చేతిమీదికి చూపు దించాడు. ఇన్నేళ్ళలో పురుగుపట్టిన పప్పు కూడా నచ్చజెప్పి అమ్మిన మనిషి. ఒక్క అబద్ధం చెల్లెలికి అమ్మలేకపోయాడు.

"వాడు చిన్నోడు లలితా."

"ముప్పై ఏళ్ళు వాడికి."

"నేను సంతకం పెట్టేసినా గదా. నీ నలభై నీకు వస్తుంది. తన్మయికి పోతుంది. నీకేమీ నష్టం లేదు. ఇంకెందుకు ఇది? పెట్టేయమ్మా, ఇంటికి పోదాం. నాకు ఓపిక లేదు."

"నాకుందా ఓపిక?" అంది ఆమె. "ఆ ఇంట్లో నేను వెనక గదిలో ఉంటా, వాడు ముందు గదిలో ఉంటాడు. ఈ కాగితం మార్చినంత మాత్రాన వాడు నా మందుల డబ్బా చూసే చూపు మారుతుందా? నేను ఎప్పుడు పోతానా అని లెక్క చూసుకునేవాడి పక్కన నేను ఎట్ల నిద్రపోవాల?" నీలం వైపు తిరిగింది. "మేడమ్, నేను సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?"

నీలం గడియారం వైపు చూసింది. "ఐదింటి లోపల ఇద్దరూ కలిసి వద్దనుకుంటే కొనడం మానేయవచ్చు. ధరలో వంద డాలర్లకు పావు డాలరు చొప్పున వదులుకోవాలి, మీ విషయంలో మూడువేల రెండువందల యాభై డాలర్లు. కానీ కాంట్రాక్టు ఇద్దరిదీ, వెనక్కి తీసుకోవాలన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు కొంటామని, ఒకరు వద్దని అంటే మాత్రం నేను మీలో ఎవరికీ సొలిసిటర్‌గా ఉండలేను. చెరొకరిని వెతుక్కోవాలి. ఐదింటి లోపల."

"ఐదు దాటితే?"

"ఇల్లు మీదే. మొత్తం డబ్బు కట్టాలి. మానేస్తే డిపాజిట్ అంతా పోతుంది."

లలితకుమారి కాగితాన్ని తనవైపు లాక్కుంది. అన్న సంతకం పక్కన ఖాళీ గీతమీద వేలు పోనిచ్చింది.

"నా అన్నమీద నాకు అనుమానం లేదు. ఇప్పుడు లేదు. ఇంటిమీదా లేదు. ఒకటి అడుగుతా. ఆదిత్యను ఇక్కడికి పిలువు. వాడి ఆఫీసు పక్కనే కదా. వాడు నా ఎదురుగా కూర్చొని, 'మా అత్తతో మాట్లాడినా, ఆమెకు సంతోషమే' అని వాడు రాసింది నాకు తెలుగులో చెప్పాల. నా ముఖం చూసి చెప్పాల. చెప్పగలిగినా సరే, చెప్పలేక ఏడ్చినా సరే, సంతకం పెడతా. రాకపోతే మాత్రం ఆ మూడువేలూ పోనీ. మళ్ళీ అద్దె ఇంట్లోనే టెనెంటుగా ఉంటా, నువ్వు చెప్పిన అర్థంలోనే."

"వాడు పనిలో ఉంటాడు."

"ఫోన్ చెయ్. స్పీకర్లో పెట్టు."

మల్లికార్జున ఫోను తీశాడు. కొడుకు పేరు నొక్కి ఫోను బల్ల మధ్యలో, సంతకం లేని కాగితం పక్కన పెట్టాడు. మూడుసార్లు మోగింది.

"హే డాడ్. ఆల్ గుడ్?" ఆదిత్య గొంతు హుషారుగా ఉంది. వెనక ఎవరో నవ్వుతున్నారు.

"ఆదీ, నువ్వు ఇప్పుడే నీలం మేడమ్ ఆఫీసుకు రావాల. మీ అత్త ఇక్కడే ఉంది." అతను చెల్లెలి ముఖం చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "మెయిలు చూసింది."

అటువైపు నవ్వులు దూరమయ్యాయి. ఏదో తలుపు మూసుకుంది. ఆదిత్య మళ్ళీ మాట్లాడేసరికి గొంతు తగ్గిపోయింది, స్పీకరు దగ్గరికి ముగ్గురూ వంగాల్సివచ్చింది.

"విచ్ మెయిల్, డాడ్? విచ్ వన్ డిడ్ షీ సీ?"

"ఏ మెయిలు చూసిందని అడుగుతుండాడు," అంది లలితకుమారి, ఎవరితోనో కాదు, తనతోనే.

నీలం మౌస్ అందుకుని పైనుంచి కిందిదాకా అన్నీ మళ్ళీ వెతికింది. ఆమె దగ్గరికి వచ్చింది ఆ ఒక్క మెయిలే. ఇంకొకటి ఎవరికి వెళ్ళిందో ఆ తెరమీద లేదు.